యాంటీబయాటిక్ రాసిచ్చారు, సరే. ఎప్పుడు, దేనితో వేసుకోవాలి?

మందు చీటీ మీద 1-1-1 అని ఉంటుంది. మెడికల్ షాపులో కవరు మీద మూడు గీతలు గీసి "పొద్దున, మధ్యాహ్నం, రాత్రి" అని చెప్పి పంపిస్తారు. ఇంటికి వెళ్ళాక టిఫిన్ తిని తొమ్మిదింటికి ఒకటి, భోజనం చేసి ఒంటిగంటకి ఒకటి, రాత్రి ఎనిమిదిన్నరకి ఒకటి వేసుకుంటారు. రోజుకి మూడు, లెక్క సరిపోయింది. కానీ మధ్యలో గంటలు చూడండి: మొదటి రెండింటి మధ్య నాలుగు, తర్వాత ఏడున్నర, రాత్రి మాత్ర నుంచి మర్నాటి పొద్దుటి మాత్ర దాకా పన్నెండున్నర. పారాసిటమాల్ అయితే దీని గురించి పట్టించుకోనక్కర్లేదు. అమాక్సిసిలిన్ అయితే పట్టించుకోవాలి.

ఎందుకంటే కిడ్నీలు బాగా పనిచేసే మనిషి రక్తంలో అమాక్సిసిలిన్ సగానికి పడిపోవడానికి సుమారు ఒక గంట చాలు. ఇంకో గంటకి పావు, ఆపై గంటకి అందులో సగం. ఎనిమిది గంటలయ్యేసరికి దాదాపు ఖాళీ. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ జాతిది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి మందులన్నిటికీ ఒక గుణం ఉంది. ఒక్కసారిగా ఎంత ఎక్కువ మందు పడింది అన్నదాని కంటే, సరిపడా మందు రోజులో ఎన్ని గంటలపాటు నిలబడింది అన్నదే వాటికి ముఖ్యం. రాత్రి పన్నెండున్నర గంటల ఖాళీ దొరికితే మిగిలిన బాక్టీరియా మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. అందుకే 1-1-1 అని ఉంటే పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అన్నది తేలిగ్గా కుదిరే టైము. 1-0-1 అయితే 8కీ 8కీ, లేదా 9కీ 9కీ. ఒక అరగంటో గంటో అటూఇటూ అయితే ఏమీ కాదు, అలారం మోగలేదని కంగారు పడక్కర్లేదు. రాత్రి ఖాళీ మరీ సాగిపోకుండా చూసుకుంటే చాలు.

అన్ని మందులూ ఇంత తొందరగా వెళ్ళిపోవు. అజిత్రోమైసిన్ దీనికి పూర్తిగా విరుద్ధం. శరీరంలో అది సగానికి తగ్గడానికే దాదాపు మూడు రోజులు పడుతుంది. కండరాల్లో, ఊపిరితిత్తుల్లో చేరి అక్కడే ఉండి పనిచేస్తుంది. "మూడు మాత్రలే రాశారు, ఇదేం కోర్సు" అని చాలామంది అనుమానపడేది దీని గురించే. రోజుకి ఒకటి చొప్పున మూడు రోజులు 500 వేసుకుంటే, మాత్రలు అయిపోయాక కూడా మందు ఒంట్లో రోజుల తరబడి పనిచేస్తూనే ఉంటుంది.

ఇక తిండి సంగతి. దీంట్లోనే ఎక్కువ మంది పొరపడతారు, ఎందుకంటే "తిన్నాక వేసుకోండి" అన్న ఒక్క మాట అన్ని యాంటీబయాటిక్స్‌కీ సరిపోదు.

మన ఊళ్ళలో అందరికీ తెలిసిన 625 మాత్ర చూడండి. అందులో 500 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్, 125 మిల్లీగ్రాముల క్లావులానిక్ యాసిడ్ ఉంటాయి. కడుపులో తిప్పడం, మోషన్స్ కావడం ఎక్కువగా ఆ రెండోదాని వల్లే. ఈ మాత్రను భోజనం పూర్తిగా అయ్యాక కాకుండా, మొదటి రెండు ముద్దలు తిన్నాక వేసుకుని మిగతా భోజనం చేయడం మంచిది. క్లావులానిక్ యాసిడ్ బాగా ఒంటబడుతుంది, కడుపు ఇబ్బందీ తగ్గుతుంది. ఇంకో చిన్న విషయం. షాపులో 625 లేకపోతే 375 మాత్రలు రెండు వేసుకుంటే సరిపోతుంది అనుకోవద్దు. 375లో 250 అమాక్సిసిలిన్, అదే 125 క్లావులానిక్ యాసిడ్ ఉంటాయి. రెండు వేస్తే అమాక్సిసిలిన్ సరిపోతుంది గానీ రెండోది రెట్టింపవుతుంది, విరేచనాలూ దాంతో పాటే.

సెఫ్యూరాక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ మాత్రలు కడుపులో తిండి ఉన్నప్పుడే బాగా ఒంటబడతాయి. వీటితో పాటు గ్యాస్ మాత్ర కూడా రాయడం మన దగ్గర మామూలైపోయింది. కానీ ఈ రెండు మందులూ ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు, యాంటాసిడ్ సిరప్‌లు వాటిని సరిగా లోపలికి పోనివ్వవు. పరగడుపున గ్యాస్ మాత్ర, వెంటనే దానితోనే ఖాళీ కడుపున సెఫ్‌పోడాక్సిమ్ వేసుకుంటే రెండు వైపులా నష్టం. గ్యాస్ మాత్ర తప్పనిసరా అని డాక్టర్ని ఒక్క మాట అడగండి. చాలాసార్లు "వద్దులే" అనే అంటారు. క్లాక్సాసిలిన్ దీనికి విరుద్ధం, అది ఖాళీ కడుపు మందు. తినడానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటలకి వేసుకోవాలి.

అన్నిటికన్నా చిక్కు సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్‌తో. ఇవి కాల్షియం, ఐరన్, జింక్, మెగ్నీషియం, అల్యూమినియం దేన్ని కలిసినా దానికి అతుక్కుపోతాయి. అలా అతుక్కున్న మందు పేగుల్లోంచి రక్తంలోకి పోదు, మలంలో బయటికి పోతుంది. మాత్ర మింగిన తృప్తి మిగులుతుంది, అంతే.

ఇప్పుడు మన ఇళ్ళలో జ్వరం వచ్చినవాళ్ళకి ఏం పెడతామో గుర్తు చేసుకోండి. పాలూ బ్రెడ్డూ. లేదంటే మెత్తగా కలిపిన పెరుగన్నం. లేదంటే రాగిజావ. మూడిట్లోనూ కాల్షియం దండిగా ఉంటుంది. పైగా మాత్రను ఆ గ్లాసు పాలతోనే మింగిస్తాం. "వేడి చేస్తుంది, మజ్జిగతో వేసుకో" అని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పడమూ ఉంది. సిప్రోకి ఇవేవీ పనికిరావు. మామూలు భోజనం చేసి చివర ఒక ముద్ద పెరుగన్నం తిన్నంత మాత్రాన మందు గంగలో కలిసిపోదు. కానీ ఒట్టి పాలతో, ఒట్టి పెరుగుతో, గ్లాసుడు మజ్జిగతో వద్దు. మాత్రను మంచినీళ్ళతో వేసుకుని, పాలూ పెరుగూ రెండు గంటలు ఆగి తీసుకోండి.

యాంటాసిడ్ సిరప్, ఐరన్ మాత్ర, కాల్షియం మాత్రలతో ఇంకా గట్టిగా ఉండాలి. సిప్రో అయితే వాటికి రెండు గంటల ముందు వేసుకోవాలి. అవి ముందే పడితే ఆరు గంటలు ఆగాలి. గర్భిణులూ, మోకాళ్ళ నొప్పులకి కాల్షియం వాడే పెద్దవాళ్ళూ "నేను రోజూ ఇవి వేసుకుంటున్నాను" అని ముందే డాక్టరుకి చెప్పాలి. యాంటీబయాటిక్‌తో పాటు నీరసం తగ్గడానికని రాసే బి-కాంప్లెక్స్ గొట్టాల్లో చాలావాటిలో జింక్ ఉంటుంది. షీటు వెనక చిన్న అక్షరాల్లో జింక్ అని కనబడితే దాన్ని మధ్యాహ్నం పూటకి మార్చేయండి. డాక్సీసైక్లిన్‌కి పాలతో వచ్చే నష్టం తక్కువే గానీ, ఐరన్‌తో మాత్రం బాగా ఎక్కువ. కొన్ని గంటలు ఎడం పెట్టినా పూర్తిగా తప్పదు. ఆ వారం రోజులు ఐరన్ ఆపమంటారా అని అడగడం మేలు.

డాక్సీసైక్లిన్ గురించి ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ఇది గొంతు దిగాక అన్నవాహికలో ఎక్కడైనా అంటుకుంటే అక్కడే కరిగి పుండు చేస్తుంది. రాత్రి పడుకోబోతూ, లైటు తీసేసి, ఒక్క గుక్క నీళ్ళతో గొట్టం మింగి వెంటనే వాలిపోతే జరిగేది ఇదే. పొద్దున లేచేసరికి రొమ్ము ఎముక వెనక మంట, ఉమ్ము మింగినా నొప్పి. గుండెనొప్పేమో అని హడలిపోయి ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళూ ఉన్నారు. నివారణ చాలా తేలిక. ముందు ఒక గుక్క నీళ్ళు తాగి గొంతు తడపండి, తర్వాత మాత్ర, ఆపై నిండు గ్లాసు నీళ్ళు. అరగంట నిటారుగా కూర్చోండి లేదా నడవండి. రాత్రి మోతాదును పడుకునే వేళకి కాకుండా రాత్రి భోజనంతో పెట్టుకోండి. వాంతి వచ్చేట్టుంటే తిండితో వేసుకోవచ్చు. ఈ మందు వాడినన్నాళ్ళూ ఎండలో చర్మం తొందరగా కమిలిపోతుంది, పొలం పనికి వెళ్ళేవాళ్ళు నిండు చేతుల చొక్కా, తలపాగా మర్చిపోవద్దు.

పిల్లల డ్రై సిరప్ దగ్గర తప్పులు వేరే రకం. సీసాలో పొడి ఉంటుంది, నీళ్ళు మనం కలపాలి. చాలా కంపెనీలు స్టెరైల్ వాటర్ ఆంప్యూల్ పెట్టెలోనే ఇస్తాయి. లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు వాడాలి. వేడి నీళ్ళు పోస్తే మందు దెబ్బతింటుంది. ముందు మూత తీయకుండా సీసాను అరచేతికి తట్టి పొడిని వదులు చేయండి, లేకపోతే అడుగున ఉండ కడుతుంది. తర్వాత కావలసిన నీళ్ళలో సగం పోసి బాగా ఊపండి. పొడి మొత్తం తడిశాక సీసా మీది గీత వరకూ మిగతా నీళ్ళు పోసి మళ్ళీ ఊపండి. నురగ వస్తుంది. ఆ నురగను చూసి గీత దాకా నిండింది అనుకోవడమే అసలు పొరపాటు. ఐదు నిమిషాలు ఆగితే నురగ దిగి మట్టం గీత కిందికి వస్తుంది, అప్పుడు కాసిని నీళ్ళు పోసి సరిచేయండి. నీళ్ళు తక్కువైతే మందు చిక్కనై మోతాదు ఎక్కువవుతుంది, ఎక్కువైతే పలచనై తక్కువవుతుంది.

కలిపిన తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ సిరప్ కలిపాక ఫ్రిజ్‌లో ఉండాలి, ఏడు రోజులే పనికొస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మిగతా సిరప్‌లకి లేబుల్ మీద ఏముందో అది. ఇక లెక్క: 30 మిల్లీలీటర్ల సీసా, పూటకి 5 చొప్పున రెండు పూటలంటే మూడు రోజుల్లో ఖాళీ. ఐదు రోజుల కోర్సుకి రెండో సీసా కావాలి. రెండూ ఒకేసారి కొనండి, కానీ రెండోది మొదటిది అయిపోయాకే కలపండి. మూడో రోజు రాత్రి సీసా ఖాళీ అయ్యాక, జ్వరం తగ్గింది కదా అని ఆగిపోయే కోర్సులు బోలెడు.

పోసే ముందు ప్రతిసారీ ఊపాలి. ఊపకపోతే మందు అడుక్కి చేరి మొదటి రోజు నీళ్ళు, చివరి రోజు మడ్డి పడతాయి. ఇంట్లో చెంచాతో కొలవద్దు. ఏ ఇంటి చెంచా ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు. సూది లేని సిరంజి అన్నిటికన్నా మేలు. బుగ్గ లోపలి వైపు పెట్టి మెల్లగా వదలాలి, నాలుక మీద గొంతులోకి చిమ్మితే పొలమారుతుంది. సీసాడు పాలలో కలిపేస్తే పాప సగం తాగి వదిలేసినప్పుడు ఎంత మందు పోయిందో లెక్క ఉండదు. పోయినసారి ఇదే మందు 5 మిల్లీలీటర్లు పోశాం అని గుడ్డిగా పోయకూడదు కూడా. ఒకే పేరుతో 228.5 సిరప్ ఉంటుంది, 457 ఉంటుంది. అంకె 5 మిల్లీలీటర్లలో ఉన్న మందుది. రెండోదాంట్లో అదే చెంచాడులో మందు రెట్టింపు.

ఇదే 625 మాత్రకి తేమ పడదు. షీటులోంచి ముందే తీసి డబ్బాలో రోజుల వారీగా సర్దుకునే అలవాటు బీపీ మాత్రలకి బాగుంటుంది గానీ, దీనికి కుదరదు. వేసుకునే క్షణంలోనే రేకు చించాలి. షాపులో షీటు కత్తిరించి ఇచ్చేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క కూడా అడగండి, మాత్ర ఉన్న అర తెగిందో లేదో చూసుకోండి. అలాగే షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. దీని గురించి కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారం మొదలుపెట్టింది. మూడో తరం సెఫలోస్పోరిన్లు (సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ వంటివి), లీవోఫ్లాక్సాసిన్ లాంటివి షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకం మీద ఇంకా గట్టి నిబంధనలున్న మందుల జాబితాలో ఉన్నాయి. వాటిని అమ్మితే షాపువాళ్ళు రాసిన డాక్టరు, రోగి పేర్లు రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. "రెండు రోజులకి ఇవ్వండి, చూద్దాం" అని అడగడం మనం మానాలి, ఇవ్వడం వాళ్ళు మానాలి. జలుబుకీ, డెంగీకీ ఈ మందులు ఎన్ని రోజులు వాడినా పనిచేయవు, అవి వైరస్‌ల వల్ల వచ్చే జబ్బులు.

ఒక పూట మర్చిపోతే? గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. కానీ తర్వాతి మాత్ర టైము దగ్గర పడితే పోయినదాన్ని వదిలేయండి. రెండూ కలిపి వేసుకోవద్దు. మింగిన అరగంటలోపే వాంతి అయి మాత్ర బయటికి కనిపిస్తే మళ్ళీ వేసుకోవచ్చు, గంట దాటాక అయితే అక్కర్లేదు. ప్రతి మాత్రకీ వాంతవుతుంటే అది నోటి మందుతో కుదిరే పని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రోజుకి ఒకసారే వేసుకోవాల్సిన, మెల్లగా కరిగే రకం మాత్రల్ని పొడి చేయకూడదు, విరచకూడదు.

రెండో రోజుకే జ్వరం తగ్గలేదని డాక్టర్ని మార్చడం, దానితో మందూ మారడం మామూలుగా కనబడుతుంది. జబ్బుని బట్టి ఓపిక పట్టాలి. ఆంధ్రలో, తెలంగాణలో వానలు పడ్డాక కనబడే స్క్రబ్ టైఫస్‌కి (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) డాక్సీసైక్లిన్ పడితే సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే రోగనిర్ధారణనే మళ్ళీ ఆలోచించాలి. టైఫాయిడ్ అలా కాదు. సరైన మందు పడినా జ్వరం నాలుగైదు రోజులు వస్తూనే ఉంటుంది, సెఫిక్సిమ్‌తో ఒక్కోసారి వారం దాకా. రోజురోజుకీ గరిష్ఠ జ్వరం కాస్త తగ్గుతోందా, తిండి సయిస్తోందా అన్నది చూసుకోవాలి. థర్మామీటరు అంకెలు టైముతో సహా కాగితం మీద రాసి పెడితే డాక్టరుకి అదే పెద్ద సాయం. టైఫాయిడ్ అనుమానం ఉంటే మొదటి మాత్రకి ముందే బ్లడ్ కల్చర్‌కి రక్తం ఇవ్వండి. మందు పడ్డాక క్రిమి దొరకడం కష్టం.

ఎన్ని రోజులు వాడాలన్న దాని మీద పాత నమ్మకాలు కొన్ని మారుతున్నాయి. ఎక్కువ రోజులు వాడితే మంచిదే అన్నది నిజం కాదు. జబ్బు తగ్గాక కూడా లాగిస్తే పేగుల్లో ఉన్న మంచి బాక్టీరియా మీద ఒత్తిడి పెరిగి, మందుకి లొంగనివే మిగులుతాయి. మూత్రంలో మంటకి నైట్రోఫ్యురంటోయిన్ ఐదు రోజులు చాలు. దాన్ని తిండితో వేసుకోవాలి, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే భయపడొద్దు. పెద్దవాళ్ళ న్యుమోనియా కుదుటపడితే చాలాసార్లు ఐదు రోజులే. అదే స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పికి పెన్సిలిన్, అమాక్సిసిలిన్ పది రోజులు వాడాలి. గొంతు మూడో రోజుకే బాగుంటుంది, కానీ తర్వాత గుండె కవాటాల్ని పాడుచేసే రుమాటిక్ ఫీవర్ రాకుండా ఆ పది రోజులు. టీబీకి ఆరు నెలలు, దాని లెక్కే వేరు. కాబట్టి ముందే ఆపాలనిపిస్తే ఫోన్ చేసి అడిగి ఆపండి. మీ అంతట మీరు ఆపకండి, పొడిగించకండి కూడా.

కాస్త మోషన్స్ అవడం మామూలే. ఓఆర్ఎస్ తాగుతూ మందు కొనసాగించవచ్చు. కానీ నీళ్ళలా పదేపదే అవుతూ, రక్తం, జ్వరం, కడుపు నొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోవద్దు. ఇలాంటి విరేచనాలు మందు ఆపేసిన కొన్ని వారాలకి కూడా రావచ్చు. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు నోరు లోహం రుచి కొడుతుంది, అది పోతుంది. దాంతో మద్యం మాత్రం వద్దు, మందు ఆపాక కూడా మూడు రోజులు ఆగాలి. సిప్రో, లీవో వాడుతుండగా పిక్క కింద, మడమ వెనక నొప్పి మొదలైతే నడక ఆపి, మాత్ర ఆపి, డాక్టరుకి చెప్పాలి. షుగరుకి గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్ళకి ఈ రెండు మందులతోనూ, క్లారిత్రోమైసిన్‌తోనూ షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే పరీక్ష చేసుకుని చక్కెర నోట్లో వేసుకోండి. గుండె కవాటం మార్చుకుని అసిట్రోమ్ వాడేవాళ్ళు మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్ రాస్తే "నేను రక్తం పలచబడే మందు వాడుతున్నాను" అని చెప్పి తీరాలి. వాళ్ళకి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పరీక్ష) మళ్ళీ చూడాల్సి వస్తుంది.

మాత్ర వేసుకున్న కాసేపట్లో ఒళ్ళంతా దురద దద్దుర్లు లేచి, పెదాలు, నాలుక, కళ్ళ చుట్టూ వాచి, గొంతు పట్టేసినట్టు, ఊపిరి ఆడనట్టు ఉంటే ఇక ఆలోచన వద్దు, 108కి ఫోన్ చేయండి. తర్వాతి మోతాదు వేయకండి. కడుపులో తిప్పడం, మోషన్స్ అలర్జీ కావు. వాటినే అలర్జీ అని చెప్పుకుంటే మీకు పెన్సిలిన్ జాతి మందులన్నీ జీవితాంతం మూసుకుపోతాయి. నిజంగా అలర్జీ వస్తే "ఏదో యాంటీబయాటిక్ పడదు" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. మందు పేరు, వేసుకున్న ఎంతసేపటికి వచ్చింది, ఏం వచ్చింది, ఈ మూడూ ఒక చీటీ మీద రాసి, ఖాళీ షీటు ఫొటో తీసి, ఆధార్ కార్డు పెట్టుకునే పర్సులోనే ఉంచండి.